మూసీ గట్టు నుంచి బందరు కోట దాకా

అత్తాపూర్ నుంచి సముద్రం దాదాపు 350 కిలోమీటర్లు. సెలవు దొరికితే ఇక్కడి వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని గోల్కొండకో, జూపార్కుకో, చిలుకూరుకో వెళ్ళివస్తారు. సముద్రం ఒడ్డున కోటలు చూడాలంటే గోవా, పాండిచ్చేరి టిక్కెట్లు వెతుకుతారు. మన తీరంలో అసలు చూడదగ్గ కోట లేదన్న మాట చాలామంది నోట వింటాం. కొలతల్లో చూస్తే అది నిజమే. కొలతలు పక్కనబెట్టి ‘ఏది ముందు’ అని అడిగితే మాత్రం తెలుగు తీరానికి సాటి వచ్చే తీరాలు ఈ దేశంలో కొన్నే ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళు తూర్పు తీరంలో మొదట కొట్టు తెరిచిందీ, మొదట ఫిరంగులు పెట్టి గోడ కట్టుకుందీ ఇక్కడే. ఓడ పగిలిన వర్తకుడికి ఒక రాజు రాతి మీద అభయం రాసిచ్చిన చోటూ ఇక్కడే ఉంది.

ఆ విశేషాలకు మొదలు మాత్రం తీరంలో లేదు, మన మూసీ గట్టునే ఉంది. గోల్కొండ సుల్తానులు కొండ మీద కూర్చుని సముద్రం మీద బతికారు. వజ్రాలు, అద్దకపు బట్టలు, ఇందూరు వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కు ఇక్కడి నుంచి ఎడ్లబళ్ళ మీద బందరు చేరి ఓడలెక్కేవి. అందుకే ఈ సెలవురోజు ప్రయాణం అత్తాపూర్ గల్లీలోనే మొదలవుతుంది.

సముద్రం దాటి వచ్చినవాడి మేడ

అత్తాపూర్‌లో ముష్క్ మహల్ ఉంది. ఆ దారిన రోజూ వెళ్ళేవాళ్ళలోనూ చాలామందికి దాని కథ తెలియదు. చుట్టూ ఇళ్ళు పెరిగాయి. మధ్యలో సున్నం రాలిపోయి, కమానులు మిగిలి ఆ పాత మేడ నిలబడి ఉంది. 17వ శతాబ్దిలో దాన్ని కట్టించినవాడు మియాన్ మిష్క్, అబిసీనియా మనిషి, అంటే ఈనాటి ఇథియోపియా వైపు వాడు. కుతుబ్ షాహీల కొలువులో పైకొచ్చి కర్ణాటక సైన్యాలకు అధికారి అయ్యాడు. పురానాపూల్ దగ్గర ఆయన పేరు మీదే మసీదు కూడా ఉంది.

ఎర్ర సముద్రం అవతల పుట్టినవాడు మూసీ పక్కన తోట మేడ కట్టుకున్నాడంటే ఆనాటి ఓడదారులు ఎంత రద్దీగా ఉండేవో తెలుస్తుంది. ఈ దేశపు సముద్ర కోటల్లో ఎవరూ గెలవలేకపోయిన కోటగా పేరున్న మురుద్ జంజీరా కూడా అబిసీనియా మూలాల సిద్దీలదే. మహారాష్ట్ర తీరంలో, నీళ్ళ మధ్య రాతి దీవి మీద ఉంది. మరాఠాలు ఎన్నిసార్లు పట్టుబట్టినా అది లొంగలేదు. ఆ సిద్దీలూ మన మియాన్ మిష్క్ లాంటి హబ్షీలూ ఒకే సముద్రం దాటి వచ్చినవాళ్ళు. వాళ్ళు కట్టిన సముద్ర కోటకు ఏటా వేలమంది పడవల మీద వెళ్తారు. ఇక్కడి మేడకు అత్తాపూర్ బడిపిల్లలు నడిచి వెళ్ళినా చాలు, గోల్కొండకు సముద్రంతో ఏం పని అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఊరికంటే ముందు పుట్టిన వంతెన

మేడ నుంచి పురానాపూల్ దగ్గరే. హైదరాబాదులో మూసీ మీద అన్నిటికంటే పాత వంతెన ఇది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1578లో కట్టారు. హైదరాబాదు నగరం పుట్టింది 1591లో. అంటే ఊరికంటే ఊరి వంతెన 13 ఏళ్ళు పెద్దది. గోల్కొండ నుంచి నది దాటడానికి వేసిన బాటే తర్వాత అవతలి ఒడ్డున నగరం రావడానికి వీలు చేసింది.

ఇంకో వింత ఉంది. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే ఇక్కడికి వచ్చినప్పుడు ఈ వంతెనను పారిస్‌లోని పోఁ నఫ్ వంతెనతో పోల్చి మెచ్చుకున్నాడు. ఆ పారిస్ వంతెనకు పునాదిరాయి పడింది కూడా 1578లోనే. సేన్ నది మీద పారిస్‌లో ఇవాళ నిలిచి ఉన్న వంతెనల్లో అదే అన్నిటికంటే పాతది. మూసీ మీద ఇదీ అంతే. రెండు ఖండాల్లో రెండు నగరాలకు అతి పాత వంతెనలు ఒకే ఏటివి కావడం ఏ రికార్డుల పుస్తకంలోనైనా చేర్చదగ్గ సంగతి. మనది ముందే పూర్తయింది. పారిస్ వాళ్ళది 1607 దాకా సాగింది.

1908 సెప్టెంబరు వరద ఈ వంతెననూ దెబ్బతీసింది. బాగుచేసి నిలబెట్టారు.

గోల్కొండలో నడిచి చూడాల్సిన చెట్టు

గోల్కొండ గురించి హైదరాబాదు వాళ్ళకు చెప్పడం అనవసరం. బయటి గోడ సుమారు 10 కిలోమీటర్లు, దాని మీద 87 బురుజులు. బాలాహిస్సార్ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది, ఇది ప్రతి గైడూ చూపించేదే. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కాచుకుని కూర్చున్నా గోడ బద్దలు కాలేదు. చివరికి లోపలి మనిషి అబ్దుల్లా ఖాన్ పనీ తలుపు తీశాడు.

ఇక్కడ సముద్రపు ఆనవాలు వెతికేవాళ్ళు వెళ్ళాల్సింది నయా ఖిల్లా వైపు. 1656లో మొగలులు ఈశాన్యపు గుట్టల మీది నుంచి దాడి చేశాక, ఆ మూల బలహీనంగా ఉందని అబ్దుల్లా కుతుబ్ షా ఈ కొత్త భాగాన్ని కోటలో కలిపాడు. అక్కడ హతియాన్ కా ఝాడ్ అనే పెద్ద చెట్టు ఉంది. అది బావోబాబ్, ఆఫ్రికా ఎండనేలల చెట్టు. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు, వయసు 400 ఏళ్ళ పైమాటే అంటారు. ఆఫ్రికా బయట ఉన్న ఈ జాతి చెట్లలో అతి పెద్ద వాటిలో ఇదొకటి. అరబ్బు వర్తకులు మహమ్మద్ కులీ కుతుబ్ షాకు కానుకగా తెచ్చిచ్చారని చెబుతారు. మానులో పెద్ద తొర్ర ఉంది, లోపలికి మనుషులు దిగేంత.

నా మట్టుకు గోల్కొండలో అతి పెద్ద విశేషం ఈ చెట్టే. చప్పట్ల శబ్దం కొండ పైకి ఎక్కుతుంది, చెట్టు మాత్రం సముద్రం దాటి వచ్చింది. చుట్టూ గోల్ఫ్ మైదానం కావడంతో లోపలికి వెళ్ళే వీలు ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.

రోడ్డు ఆగేచోట బందరు

పుణే నుంచి బయల్దేరే 65వ జాతీయ రహదారి హైదరాబాదు మీదుగా, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో, అంటే బందరులో ముగుస్తుంది. ఇంచుమించు ఇదే దిక్కున గోల్కొండ సరుకుబళ్ళు నడిచేవి. వజ్రాల మాటే తీసుకుంటే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని తవెర్నియే రాశాడు. 18వ శతాబ్ది మొదట్లో బ్రెజిల్ వజ్రాలు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపుగా మన దగ్గరిదే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

బందరు రేవు ముందు నుంచి పెగూ, అరకాన్, ఆచే, పర్షియాలోని బందర్ అబ్బాస్, ఎర్ర సముద్రం మీది మోఖా దాకా ఓడలు వెళ్ళేవి. పర్షియా నుంచి వచ్చిన మీర్ జుమ్లా మొదట ఇక్కడ అధికారిగా పనిచేసి, సొంత ఓడలు నడిపి, గండికోట దాకా గెలిచి, ఆఖరికి మొగలుల వజీరు అయ్యాడు. ఒక్క రేవు ఒక మనిషిని ఎంత ఎత్తుకు తీసుకుపోగలదో చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక బందరు రికార్డులు చూడండి. 1606లో డచ్చి వాళ్ళు గోల్కొండ సుల్తాను ఫర్మానాతో తెలుగు తీరంలో కొట్లు తెరిచారు, ఒకటి బందరులో, ఒకటి పెదపల్లిలో, అంటే నేటి నిజాంపట్నంలో. కోరమాండల్ తీరంలో డచ్చి కంపెనీ తొలి మజిలీలు ఇవే. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లీషు వాళ్ళు వచ్చి బందరులో దిగారు. తూర్పు తీరంలో వాళ్ళ మొదటి వర్తక స్థావరం అది. సూరత్‌లో వాళ్ళకు స్థిరమైన చోటు దొరికిన 1613 కంటే రెండేళ్ళు ముందు. ఫ్రెంచి వాళ్ళు 1669లో చేరారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చినదాన్ని చరిత్రలో బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 వరహాలు కట్టి గోల్కొండ రేవులన్నిట్లో వ్యాపారం చేసుకోవచ్చు. గోల్కొండ కొండ మీద పడిన ఒక్క ముద్రతో తెలుగు తీరం పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి.

బందరు కోట ఫ్రెంచి వాళ్ళ చేతికి వచ్చింది 1750లో. వాళ్ళు దాన్ని గట్టిగా బలపరిచారు. ఒకవైపు సముద్రపు పాయ, మిగతా వైపుల చిత్తడి. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ వచ్చి ముట్టడించాడు. విజయనగరం ఆనందరాజు సేన తోడుంది. కానీ జీతాలకు డబ్బు లేదు, సిపాయిలు తిరగబడే స్థితి. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం బెజవాడ దాకా వచ్చేసింది. ముందుకు పోతే గోడ, వెనక్కు పోతే నిజాం. ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఫోర్డ్ అన్నివైపుల నుంచీ ఒకేసారి దాడి మొదలెట్టాడు. ఎవరూ దాటలేరని ఫ్రెంచి వాళ్ళు వదిలేసిన బురద మడుగు మీదుగా ఒక దండును పంపి అటు చూపు మళ్ళించి, అసలు దెబ్బ ఇంకోవైపు కొట్టాడు. తెల్లవారేసరికి కోట చేతులు మారింది. ఇందులో రికార్డు ఏమిటంటే, పట్టుబడిన వాళ్ళ సంఖ్య దాడి చేసిన వాళ్ళ సంఖ్యను మించిపోయింది.

మరుసటి నెలలోనే సలాబత్ జంగ్ బందరు చుట్టుపక్కల సీమను ఇంగ్లీషు వాళ్ళకు రాసిచ్చాడు. ప్లాసీ గురించి బడి పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదువుతాం. దక్షిణాన ఫ్రెంచి వాళ్ళ వేరు తెగిన ఈ రాత్రి గురించి రెండు వాక్యాలు కూడా ఉండవు. మన పిల్లలకు ఇది తెలియాలి, అదీ బందరు కోట నేల మీద నిలబడి తెలియాలి.

ఆ కోటను చివరికి ఓడించింది ఏ సైన్యమూ కాదు. 1864 నవంబరు 1 రాత్రి తుపానులో 13 అడుగుల ఎత్తు ఉప్పెన ఊరి మీద పడింది. దాదాపు 30,000 మంది పోయారు. మన తీరం చూసిన అతి ఘోరమైన రాత్రుల్లో అదొకటి. మరుసటి ఏడు కోటలోని దండును తీసేశారు. ఇప్పుడు మిగిలింది గంట గోపురమున్న పాత కట్టడం, ఆయుధాగారం, కొన్ని గోడలు, ఊళ్ళో డచ్చి వాళ్ళ సమాధులు. ఆ సమాధి రాళ్ళ మీద చెక్కడాలు నిలబడి చూడదగ్గవి. ఓడలో వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ళ వంశపు గుర్తులు, పేర్లు, ఏళ్ళు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి.

‘ఇంతేనా కోట?’ అని అడిగేవాళ్ళకు ఒక మాట. కృష్ణా డెల్టాలో రాయి దొరకదు. నేల అంతా ఒండ్రు. ఏటా నది తెచ్చి పోసే మట్టితో ఒడ్డు మెరక అవుతూ ఉంటే, పెద్ద ఓడలు తీరానికి మైళ్ళ దూరంలోనే లంగరు వేసుకునేవి. సరుకంతా చిన్న పడవల మీద రావాల్సిందే. ఇటుక, సున్నం, మట్టితో కట్టిన కోట తుపానుల తీరంలో ఇంతకాలం నిలిచిందంటే కట్టినవాళ్ళ పనితనాన్ని మెచ్చుకోవాలి. ఆఫ్రికాలో ఘానా తీరాన 1482లో పోర్చుగీసులు కట్టిన ఎల్మినా కోట రాతి నేల మీద ఉంది కాబట్టి సహారాకు దక్షిణాన అతి పాత ఐరోపా కట్టడంగా ఇంకా చెక్కుచెదరక నిలబడింది. బందరుకు ఆ నేల దక్కలేదు.

హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బందరు చేరొచ్చు. కోట, సమాధులు, మంగినపూడి బీచి చూసి, వీలుంటే పెడనలో అద్దకం పనివాళ్ళ దగ్గర ఒక గంట కూర్చుని, మళ్ళీ రాత్రి రైలెక్కొచ్చు. మంగినపూడి దగ్గర ఇప్పుడు కొత్త రేవు పనులు సాగుతున్నాయి. నాలుగు వందల ఏళ్ళ కింద గోల్కొండ సరుకు ఓడలెక్కిన తీరంలోనే మళ్ళీ ఓడలు నిలబడబోతున్నాయన్నది నన్ను నిజంగా ఉత్సాహపరిచే సంగతి. వచ్చేటప్పుడు బందరు లడ్డు మరిచిపోకండి.

ఫిరంగులు పెట్టిన తొలి గోడ

నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున దుగరాజపట్నం అనే ఊరుంది. ఇంగ్లీషు రికార్డుల్లో దీని పేరు అర్మగాఁవ్. ఆరుముగం మొదలియారు అనే స్థానిక పెద్ద సాయం చేశాడని ఆ పేరు పెట్టుకున్నారు. బందరులో సుల్తాను అధికారుల ఒత్తిడి, డచ్చి వాళ్ళ పోటీ పడలేక ఇంగ్లీషు వాళ్ళు 1626లో ఇక్కడికి వచ్చి, 12 ఫిరంగులు పెట్టి గోడ కట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు వాళ్ళు బలపరిచిన తొలి స్థావరం ఇదే. ఇప్పుడు అక్కడ చూడటానికి చెప్పుకోదగ్గ కట్టడం మిగల్లేదు. అయినా దాని తర్వాతి కథ పెద్దది.

అర్మగాఁవ్‌లో వ్యాపారం సరిగా సాగలేదు. అక్కడి ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇంకొంచెం దక్షిణంగా కొత్త చోటు వెతికాడు. 1639 ఆగస్టు 22న తెలుగు నాయకుడు దామర్ల వెంకటప్ప ఒక ఇసుక తిన్నె రాసిచ్చాడు. బందరులో పెద్దగా ఉన్న ఆండ్రూ కోగన్ వచ్చి డేతో కలిశాడు. అక్కడ లేచిందే ఫోర్ట్ సెయింట్ జార్జి, దాని చుట్టూ పెరిగిందే మద్రాసు. దామర్ల వారి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అన్నారు. దుగరాజపట్నం, బందరు అనే రెండు తెలుగు రేవుల ఉద్యోగులు, ఒక తెలుగు నాయకుడు కలిసి ఒక మహానగరానికి ముగ్గు పోశారు.

ఆ పక్కనే పులికాట్ సరస్సు, పాత తెలుగువాళ్ళు ప్రళయకావేరి అన్నది. చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని దక్షిణపు కొసన, ఇప్పటి తమిళనాడులో, డచ్చి వాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి మారేదాకా వాళ్ళ కోరమాండల్ వ్యవహారమంతా అక్కడి నుంచే నడిచింది.

ఓడ పగిలినా సరుకు నీదే

మోటుపల్లి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర. కోట గోడలు లేవు, రేవు కూడా లేదు. ఉన్నది వీరభద్రస్వామి గుడి, ఒక రాతిస్తంభం. ఈ ప్రయాణంలో ఒక్కటే చోటు ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆ రోజుల్లో తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, సరుకంతా ఆ తీరపు రాజుకు చెందేది. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏమున్నా సరే. సముద్రంలో సగం పోగొట్టుకున్నవాడు ఒడ్డున మిగతా సగమూ పోగొట్టుకునేవాడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో ఆ ఆచారాన్ని ఎత్తేశాడు. ప్రాణంకంటే ధనం మీద మనుషులకు మమకారం ఎక్కువని, సముద్రాన్ని నమ్మి బయల్దేరిన వాళ్ళ కష్టాన్ని గుర్తించి, సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నామని శాసనం చెక్కించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, ఒక్కో సరుకుకు సుంకం ఎంతో కూడా అక్కడే చెక్కి ఉంది. అంటే రేవులో అధికారి నోటికొచ్చినంత అడగడానికి వీల్లేదు, రాయి చూపించి వాదించుకోవచ్చు.

దీన్ని అభయశాసనం అంటారు. ఓరుగల్లులో కూర్చున్న రాజు వందల కిలోమీటర్ల దూరంలో, ఎన్నడూ చూడని దేశాల నుంచి వచ్చే వర్తకులకు ఇంత మాట ఇచ్చాడు. తర్వాత ఆ శతాబ్ది చివర్లో మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అని రాసుకుని, ఇక్కడి వజ్రాలనూ సన్నని బట్టలనూ, న్యాయంగా ఏలిన ఒక రాణినీ మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు. కాకతీయులు పోయాక కూడా ఆ మాట పోలేదు. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇక్కడే మరో శాసనం వేయించి వర్తకులకు రాయితీలు ప్రకటించాడు. గోల్కొండను మొదట మట్టికోటగా కట్టిందీ కాకతీయులే. అందుచేత కొండ మీది కోటకూ తీరం మీది రాతికీ చుట్టరికం ఉంది.

విమానం దిగి కొండెక్కితే

శంషాబాద్ పక్కన ఉన్నందుకు అత్తాపూర్ వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. 2009లో తెరిచినప్పుడు దేశంలోనే అతి పొడుగైన ఫ్లైఓవర్ అన్నారు. అది ఎక్కితే తెల్లవారుజామున అరగంటలో విమానాశ్రయం. మొదటి విమానం పట్టుకుంటే పొద్దున టిఫిన్ విశాఖలో. మియాన్ మిష్క్ కాలంలో నెలలు పట్టిన సముద్రయానం పక్కన దీన్ని పెట్టి చూస్తే, సముద్రం దూరమనే సాకు ఇక చెల్లదు.

విశాఖ నుంచి భీమిలి బీచి రోడ్డు మీద 16 కిలోమీటర్లు పోతే తొట్లకొండ. ఎత్తు 128 మీటర్లు. ఇది దొరికిన తీరు వింతైనది. 1976లో నౌకాదళం స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే, కొండ మీద ఇటుకల వరసలు కనిపించాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వితే రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం బయటపడింది. మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరసలు, వంటశాల, కొండరాతిలో తొలిచిన నీటి తొట్లు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమ్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోము నుంచి బయల్దేరిన నాణెం ఈ కొండెక్కిందంటే, వర్తకుడెవరో బయల్దేరే ముందో, క్షేమంగా దిగిన తర్వాతో భిక్షువులకు సమర్పించి ఉంటాడని నా ఊహ. అక్కడ నిలబడితే కింద బంగాళాఖాతం అంతా కనిపిస్తుంది. కోట కాదు కానీ కోటకు కావలసిన చోటు.

పక్కనే బావికొండ. 1982 నుంచి 1987 దాకా తవ్వారు. అక్కడి పాత్రలో దొరికిన అస్థిక బుద్ధుడిదేనని నమ్మేవాళ్ళున్నారు. మధ్యాహ్నం ఎండకు ముందే ఈ రెండు కొండలూ ఎక్కి దిగండి, పైన నీడ తక్కువ.

గోస్తని నది సముద్రంలో కలిసేచోట భీమిలి. 1861లోనే పురపాలక సంఘం అయిన ఊరు, దేశంలోని అతి పాత మున్సిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు మహా విశాఖలో కలిసిపోయింది. ఇక్కడి డచ్చి సమాధులు బందరువాటి తోబుట్టువులు, 17వ శతాబ్ది నుంచీ ఉన్నవి. కొన్ని గూడు కట్టినట్టు, కొన్ని స్తంభాల్లా నిలబెట్టి ఉంటాయి. తెలుగు తీరంలో 1606లో మొదలైన డచ్చి వ్యాపారం 1825లో ముగిసింది. అంతకుముందు ఏడు లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం భీమిలి, పాలకొల్లు, కాకినాడ పక్కన జగన్నాథపురం ఇంగ్లీషు వాళ్ళకు అప్పగించేశారు.

కాకినాడ పేరు వచ్చింది కాబట్టి కోరంగి మాట కూడా. గోదావరి ముఖద్వారంలో ఓడలు కట్టి, ఓడలెక్కించిన రేవు. 1789లో మూడు అలలు వరసగా వచ్చి దాన్ని ముంచాయి, 1839లో మళ్ళీ ఉప్పెన వచ్చింది. రేవు పోయింది. కానీ అక్కడి నుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళందరినీ, ఏ జిల్లా వాళ్ళయినా సరే, బర్మాలో కోరంగీలనే పిలిచారు. ఉప్పెనకు పోయిన ఊరి పేరు తెలుగువాళ్ళ పేరై పరదేశంలో నిలిచింది.

ఒక్క రోజు సెలవులో ఇవన్నీ కుదరవు. ముష్క్ మహల్, పురానాపూల్, నయా ఖిల్లాకు ఒక ఆదివారం పూట చాలు. విమానంలో వెళ్తే తొట్లకొండ, బావికొండ, భీమిలి ఒక రోజులో చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. బందరుకు రెండు రాత్రుల రైలు, మధ్యన ఒక పగలు. మోటుపల్లికి చీరాలలో దిగి వెళ్ళడం సుళువు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, ఏప్రిల్ వస్తే తీరంలో ఉక్కపోత నిలబడనివ్వదు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి అంతా మంచి రోజులు. పిల్లలు బడిలో కాకతీయుల పాఠం చదువుతున్న ఏడైతే మొదట మోటుపల్లికి తీసుకెళ్ళండి, శాసనంలో ఏముందో ముందే ఇంట్లో చెప్పి మరీ.